అమ్మ ఆపరేషన్‌లో ఏదో తేడా జరిగింది, వైద్య నిర్లక్ష్యం కేసులు చూసే లాయరును ఎలా వెతుక్కోవాలి?

వేకువ (ప్రశ్న అడిగినవారు):

అందరికీ నమస్కారం. మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే కెమెరా పెట్టి చేసే ఆపరేషన్ చేశారు. ఇది మామూలు ఆపరేషనే, తొందరగా ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు, అలాగే పంపేశారు కూడా. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి కడుపు ఉబ్బరం, జ్వరం, తర్వాత కళ్లు పచ్చబడటం. ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు. తీసుకెళ్తే నొప్పి తగ్గడానికి ఇంజక్షన్ ఇచ్చి వెనక్కి పంపారు, స్కాన్ మాట ఎత్తలేదు. చివరికి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ స్కాన్ చూసి, బైల్ డక్ట్ (పైత్యరసం వెళ్లే గొట్టం) తెగింది, ఆ రసం కడుపులోకి కారుతోంది అని చెప్పి పెద్ద ఆపరేషన్ చేశారు. అమ్మ బతికింది. కానీ ఇప్పటికీ జ్వరాలు వస్తూనే ఉన్నాయి, మనిషి సగమైపోయింది.

కేసు వేయాలని ఇంట్లో అందరం అనుకున్నాం. బంధువుల్లో ఒక లాయరుగారు ఉన్నారు, భూమి తగాదాలు చూస్తారు, చాలా మంచివారు, నేనే వేస్తానులే అంటున్నారు. నెట్‌లో వెతికితే అందరూ మేమే నంబర్ వన్ అని రాసుకుంటున్నారు, ఎవర్ని నమ్మాలో తెలియట్లేదు. ఊళ్లో ఉన్న లాయరు మంచిదా, దూరమైనా ఇవే కేసులు చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలా? ముందు ఏం అడగాలి? ఫీజు ఎలా ఉంటుంది? ఆస్పత్రి పేరు, ఊరి పేరు కావాలనే రాయట్లేదు. ఈ టెన్షన్‌లో నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నల్లకోటు:

నేను లాయరునే, ఈ తరహా కేసులు కొన్ని నడిపాను. ముందుగా, అమ్మగారు త్వరగా కోలుకోవాలి.

ఆస్పత్రి పేరు, ఊరి పేరు రాయకపోవడం మంచి పని, అలాగే ఉంచండి. ఇక్కడ మీరు రాసే ప్రతి వాక్యాన్నీ రేపు అవతలి లాయరు చదివి వినిపించగలడు. ఏ దేశమో కూడా రాయలేదు కాబట్టి రెండు మూడు చోట్ల పద్ధతులు చెప్తాను, మీకు వర్తించేది తీసుకోండి.

అన్నిటికంటే ముందు గడువు. లాయరు దొరకలేదు, కాగితాలు రాలేదు, అమ్మ ఇంకా మంచం మీదే ఉంది అంటే గడువు ఆగదు. భారతదేశంలో వినియోగదారుల కమిషన్‌కు (డబ్బు తీసుకుని చేసే సేవల్లో లోపాల మీద ఫిర్యాదులు వినేది) వెళ్లాలంటే 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని అడగొచ్చు గానీ మన్నిస్తారని గ్యారంటీ లేదు. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్లు, హాని జరిగిన రోజు నుంచి గానీ ఆ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి గానీ లెక్క. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క: న్యూయార్క్‌లో రెండున్నరేళ్లు, కాలిఫోర్నియాలో హాని జరిగిన నాటి నుంచి మూడేళ్లు, లేదా తెలిసిన నాటి నుంచి ఏడాది, రెండిట్లో ఏది ముందైతే అది. న్యూజిలాండ్ పద్ధతే వేరు, అక్కడ 1974 నుంచి ప్రభుత్వ ప్రమాద పరిహార పథకమే డబ్బు ఇస్తుంది, నష్టపరిహారం కోసం డాక్టరు మీద దావా వేయడం దాదాపు కుదరదు. అందుకే మీరు ఏ లాయరును కలిసినా మొదట అడగాల్సింది ఇదే: నా గడువు ఏ తేదీతో ముగుస్తుంది? వీలైతే ఆ తేదీని కాగితం మీద రాయించుకోండి. ఏ తేదీలూ చూడకుండా చాలా టైముంది లెండి అనేవాళ్ల దగ్గర ఆగకండి.

ఇప్పుడు కొంచెం కష్టంగా ఉండే మాట. ఫలితం చెడ్డగా వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో బైల్ డక్ట్ దెబ్బతినడం అనేది అరుదుగానైనా జరిగేదే, జాగ్రత్తగా చేసే సర్జన్ చేతిలో కూడా జరుగుతుంది, ఆ సంగతి మీ అమ్మగారు సంతకం పెట్టిన అంగీకార పత్రంలో కూడా రాసి ఉండొచ్చు. అవతలి పక్షం మొట్టమొదట చెప్పేది ఇదే. ఇంగ్లండ్‌లో 1957 నాటి బోలమ్ కేసు నుంచి వచ్చిన కొలమానం ఏమిటంటే, అదే రంగంలో ఉన్న బాధ్యత గల డాక్టర్లు ఆ పద్ధతిని ఒప్పుకుంటారా లేదా అని. మన సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ తీర్పులో దాన్నే తీసుకుంది, క్రిమినల్ కేసు అయితే నిర్లక్ష్యం ఇంకా చాలా తీవ్రంగా ఉండాలని కూడా చెప్పింది. కోపంలో పోలీస్ కేసు పెట్టేద్దాం అనేవాళ్లు చుట్టూ ఉంటారు, ఆ దారి నష్టపరిహారం కోసం కాదు.

మీరు రాసినదాంట్లో నాకు బలంగా కనిపించింది డక్ట్ తెగడం కాదు, ఆ తర్వాత జరిగింది. జ్వరం, ఉబ్బరం, కామెర్లు ఉన్న మనిషిని, అదీ ఆపరేషన్ అయి ఇంకా ఎన్నాళ్లూ కాని మనిషిని, స్కాన్ చేయకుండా ఎందుకు పంపారు? అక్కడ ఒకరోజు ముందే పట్టుకుని ఉంటే ఈ హాని ఎంత తగ్గేది? కేసు నిలబడేది అక్కడేనేమో, కానీ కాగితాలు చూడకుండా నేను గట్టిగా చెప్పను.

వార్డుసిస్టర్:

నల్లకోటు గారు కాగితాలు అన్నారు కదా, అది నేను చెప్తాను. నేను నర్సుని, చాలా ఏళ్లు మెడికల్ రికార్డుల గదిలో కూడా చేశాను. అమ్మా, లాయరును వెతకడం ఒకవైపు జరగనీ, రికార్డులకు అర్జీ మాత్రం ముందే పెట్టేయ్. లాయరు రాగానే అడిగేది అదే, రికార్డులు లేకపోతే ఆయన చేసేది ఏమీ ఉండదు.

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చాలదు. అది ఆస్పత్రి వాళ్లు తీరిగ్గా కూర్చుని రాసే సారాంశం. పూర్తి కేస్‌షీట్ అడగాలి. అందులో సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్స్ ముఖ్యం, మత్తు డాక్టరు చార్టు ఉంటుంది, నర్సులు గంట గంటకూ రాసే జ్వరం, బీపీ, నాడి షీట్లు ఉంటాయి, డ్రెయిన్ (కడుపులో చేరే ద్రవం బయటికి రావడానికి పెట్టే గొట్టం) పెట్టి ఉంటే అందులోంచి ఏ రంగులో ఎంత వచ్చిందో రాసిన కాగితం ఉంటుంది. మీ అమ్మ విషయంలో ఆ డ్రెయిన్ కాగితం చాలా విలువైనది, పచ్చగా పైత్యరసం వచ్చిందని ఎవరో నర్సు రాసి, దాన్ని డాక్టరు చూసి కూడా ఇంటికి పంపారంటే అది పెద్ద మాట. రక్త పరీక్షల రిపోర్టులు, అంగీకార పత్రం, స్కాన్ ఉంటే రిపోర్టు ఒక్కటే కాకుండా సీడీ. మీరు మళ్లీ తీసుకెళ్లి ఇంజక్షన్ చేయించుకున్న రోజు ఓపీ చీటీ, అది ఇంట్లో ఎక్కడో మందుల కవర్లో ఉంటుంది చూడండి, పారేయొద్దు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కెమెరా ఆపరేషన్లను కొన్నిచోట్ల వీడియో రికార్డు చేస్తారు. ఉందేమో రాతపూర్వకంగా అడగండి, లేదంటే లేదని రాసివ్వమనండి. గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు ఏ గొట్టం ఏదో స్పష్టంగా కనిపించాకే క్లిప్పు వేయాలనే పద్ధతి 1995 నుంచి సర్జన్లకు బాగా తెలిసినదే. అది పాటించారో లేదో ఆపరేషన్ నోట్స్‌లోనో వీడియోలోనో కనిపిస్తుంది. చూసి చెప్పడానికి సర్జన్ కావాలి, మనం చెప్పలేం.

ఇండియాలో అయితే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో రోగి గానీ రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని ఉంది, ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు దాచాలని ఉంది. నోటితో అడిగితే తర్వాత రండి అంటారు. కాగితం మీద రాసి, రెండో ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. రెండో ఆస్పత్రి రికార్డులు కూడా మొత్తం తీసుకోండి, అసలు కథంతా రెండో సర్జన్ రాసిన నోట్స్‌లోనే ఉంటుంది, ఎందుకంటే కడుపు తెరిచి చూసింది ఆయనే.

కాగితాలు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గర గొడవ పడకండి. కేసు వేస్తున్నాం అని చెప్పకండి. తదుపరి వైద్యం కోసం కావాలి అంటే చాలు, అది నిజం కూడా.

నిలకడ:

నేను లాయరును కాదు, మా నాన్నగారి కేసు నడిపిన మనిషిని. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ప్రభావం చూపి ప్రాణం మీదికి రావడం) ఆలస్యంగా పట్టుకున్న కేసు. అందుకే లాయరును ఎంచుకోవడం గురించి మాత్రమే చెప్తాను.

బంధువుల లాయరుగారిని వద్దనడం ఇబ్బందే, తెలుసు. కానీ ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఈ రికార్డులు మీరు ఏ డాక్టరుతో చదివిస్తారు? దానికి ఆయన దగ్గర జవాబు లేకపోతే, ఎంత మంచివారైనా ఈ కేసుకు ఆయన కాదు. ఈ కేసుల్లో సగం పని కోర్టులో కాదు, ఒక నిపుణుడైన డాక్టరును కూర్చోబెట్టి, ఇక్కడ తప్పు జరిగింది, ఈ తప్పు వల్లే ఈ హాని జరిగింది అని రాయించడంలో ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాంటి డాక్టరు ధ్రువీకరణ జత చేయకపోతే దావానే ముందుకు సాగదు. ఇండియాలో ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది, కడుపులో దూది మర్చిపోవడం లాంటివి ఎవరికైనా అర్థమవుతాయి. మీది అలాంటిది కాదండీ. డక్ట్ ఎందుకు తెగింది, ఎప్పుడు తెలియాల్సింది అనేది డాక్టరే చెప్పాలి.

నేను కలిసిన లాయర్లలో ఒకాయన మా కాగితాలు తీసుకుని, ఒక సర్జన్‌కు చూపించి, మీ కేసులో ఫలానా భాగం నిలవదు, ఫలానా భాగం నిలుస్తుంది అని ముఖం మీద చెప్పారు. ఇంకొకాయన ఫైలు తెరవకుండానే కోట్లు వస్తాయన్నారు. మేం మొదటి ఆయనకే వకాలతు ఇచ్చాం. కాదు అని చెప్పగలిగే లాయరు అవును అంటే దానికి విలువ ఉంటుంది.

అడగాల్సినవి ఏమిటంటే, ఇలాంటి కేసులు మీరు స్వయంగా నడిపారా లేక వేరేవాళ్లకు పంపుతారా, రోగుల తరఫున చూస్తారా ఆస్పత్రుల తరఫున చూస్తారా, మా అవతలి ఆస్పత్రితో మీకు ఇప్పటిదాకా ఏ సంబంధమైనా ఉందా. ఈ చివరిది చిన్న ఊళ్లలో చాలా ముఖ్యం. పేరున్న లాయరు ఆ ఆస్పత్రికే సలహాదారు అయ్యుండొచ్చు, అడిగితేనే తెలుస్తుంది. వాయిదాకు మీరొస్తారా జూనియర్ వస్తారా అనీ అడగండి. జూనియర్ రావడం తప్పేమీ కాదు, ఎవరొస్తారో మనకు ముందే తెలిస్తే చాలు. ఆ లాయరు పేరు బార్ కౌన్సిల్‌లో ఉందో లేదో, ఏదైనా చర్య తీసుకున్నారేమో చూసుకోండి. వినియోగదారుల కమిషన్ల తీర్పులు నెట్‌లో ఉంటాయి, వైద్య నిర్లక్ష్యం తీర్పులు తెరిచి రోగి తరఫున వాదించింది ఎవరో పేర్లు రాసుకోండి. నేను అలాగే వెతికాను, ప్రకటనల కంటే అది నయం. ఇండియాలో అసలు లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, బార్ కౌన్సిల్ రూల్ అది, కాబట్టి ఆస్పత్రి బయట కార్డు పంచే మనిషి మాట నమ్మకండి.

ఇంగ్లండ్‌లో ఉంటే వెతకడం కొంచెం తేలిక, అక్కడి లాయర్ల సంఘం లా సొసైటీ వాళ్లు ఈ రంగంలో గుర్తింపు ఇచ్చిన సొలిసిటర్ల (లాయర్ల) జాబితా ఉంటుంది, రోగుల కోసం 1982 నుంచి పనిచేస్తున్న ఏవీఎంఏ అనే స్వచ్ఛంద సంస్థ కూడా తనకు నమ్మకమైన లాయర్ల ప్యానెల్ పెట్టింది.

గట్టు:

పైన అందరూ స్పెషలిస్టు అంటున్నారు, నేను ఒప్పుకోను, పూర్తిగా అయితే ఒప్పుకోను. దూరంలో ఉన్న పెద్ద లాయరు చుట్టూ తిరిగి మా పెదనాన్న వాళ్లు అలిసిపోయారు. ఫోన్ ఎత్తరు, ప్రతి వాయిదాకూ ప్రయాణం, జబ్బు మనిషిని వెంటబెట్టుకుని. ఊళ్లో లాయరైతే ఆ కోర్టు గుమాస్తా తెలుసు, ఏ కాగితం ఎక్కడ ఆగిందో తెలుసు, సాయంత్రం వెళ్లి కూర్చుని మాట్లాడొచ్చు. ఇండియాలో అయితే మీరు నివసించే చోట ఉన్న వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, 2019 చట్టంలో ఆ వెసులుబాటు వచ్చింది, ఆస్పత్రి ఏ నగరంలో ఉన్నా సరే. మరి లాయరు కోసం దూరం పోవడం ఎందుకు?

నల్లకోటు:

గట్టు గారు చెప్పినదాంట్లో నిజముంది. ప్రయాణాల బాధ చిన్నది కాదు. కానీ రెండూ కలపొచ్చండీ. ఊళ్లో లాయరు వకాలతు తీసుకుని వాయిదాలు చూసుకుంటారు, ఫిర్యాదు రాయడం, డాక్టరు అభిప్రాయం తెప్పించడం, అవతలి డాక్టరును కోర్టులో ఎదురు ప్రశ్నలు (క్రాస్) అడగడం అనుభవమున్న లాయరు చూస్తారు. బంధువుల లాయరుగారికి ఇదే మాట చెప్పండి, ఆయన గౌరవానికీ భంగం ఉండదు. ఎవరు ఏ పని చేస్తారో, ఎవరికి ఎంతో మొదటిరోజే రాసుకోవాలి.

ఫీజు అడిగారు. ఇండియాలో వచ్చిన డబ్బులో ఇంత శాతం అని లాయరు ఒప్పందం చేసుకోకూడదు, బార్ కౌన్సిల్ నిషేధించింది. దశలవారీగా ఫీజు మాట్లాడుకోండి, ఫిర్యాదుకు ఇంత, సాక్ష్యానికి ఇంత, వాదనలకు ఇంత అని, రసీదు తీసుకోండి. డాక్టరు అభిప్రాయానికయ్యే ఖర్చు ఫీజులో కలిసిందా విడిగానా అడగండి. కమిషన్‌లో లాయరు లేకుండా స్వయంగా కూడా వాదించుకోవచ్చు, వైద్యం కేసుల్లో నేను అది సలహా ఇవ్వను. డబ్బు ఇబ్బంది ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి: 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంది. అమ్మగారి పేరు మీద జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు.

అమెరికాలో గెలిస్తేనే వాటా అనే పద్ధతి ఎక్కువ. కాలిఫోర్నియాలో 2023 నుంచి దావా వేయకముందే తేలిపోతే 25 శాతం, వేశాక తేలితే 33 శాతం మించకూడదని చట్టం. వాటా ఖర్చులు తీసేసిన తర్వాత లెక్కేస్తారా ముందా, ఓడిపోతే నిపుణుల ఖర్చు ఎవరు భరిస్తారు అనేవి సంతకానికి ముందే తేలాలి, అసలు తేడా అక్కడే వస్తుంది. అక్కడ లాయర్లు పెట్టుబడి తామే పెడతారు కాబట్టి చిన్న హాని కేసులు తీసుకోరు, ఒకరిద్దరు వద్దన్నారని కేసే లేదనుకోకండి, ఎందుకు వద్దంటున్నారో మాత్రం అడగండి.

టైము గురించి కూడా ఇంట్లో అందరితో మాట్లాడండి. వైద్య నిర్లక్ష్యం కేసు నడిపిన కునాల్ సాహా గారి భార్య చనిపోయింది 1998లో, సుప్రీంకోర్టు పరిహారం తేల్చింది 2013లో. అన్ని కేసులూ అంత లాగవు, కానీ నెలల్లో తేలుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. చికిత్స అయింది ఉచితంగా అందరికీ సేవ చేసే ప్రభుత్వ ఆస్పత్రిలో అయితే ఇంకో సంగతి, 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం వినియోగదారుల కమిషన్ దారి ఉండదు, సివిల్ కోర్టు చూసుకోవాలి.

వేకువ (ప్రశ్న అడిగినవారు):

చాలా థాంక్స్ అండీ అందరికీ, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇంకో రెండు సందేహాలు. నిన్న ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది, ఆ బిల్లు డబ్బులు వెనక్కి ఇస్తాం, వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. నాన్న పోనీలే తీసుకుందాం, ఇంకా మందులు కొనాలి అంటున్నారు. రెండోది, అమ్మ కదల్లేదు కదా, రికార్డుల అర్జీ నేను పెట్టొచ్చా?

నల్లకోటు:

సంతకం పెట్టకండి. ఆ కాగితంలో ఇకపై మాకు ఏ క్లెయిమూ లేదు అనే వాక్యం ఉంటుంది, దాని మీద సంతకం పడితే రేపు ఏ లాయరూ ఫైలు ముట్టుకోడానికి ఇష్టపడడు. మర్యాదగా, ఆ కాగితం నకలు పంపండి, చూసి చెప్తాం అనండి. వాళ్లు పంపితే లాయరుకు చూపించండి. నాన్నగారికి చెప్పండి, ముందు ముందు అమ్మగారికి ఇంకో ఆపరేషన్ అవసరమవుతుందా, ఎన్నాళ్లు మందులు వాడాలి అనేది రెండో సర్జన్‌ను అడక్కుండా ఏ మొత్తానికీ ఒప్పుకోకూడదు. బైల్ డక్ట్ బాగుచేసిన చోట తర్వాత్తర్వాత ఇరుకు పడి మళ్లీ జ్వరం, కామెర్లు రావడం ఉంటుంది, ఇప్పుడొస్తున్న జ్వరాలు కూడా అదేనేమో ముందు డాక్టరుకు చూపించండి, కేసు సంగతి ఆ తర్వాత.

మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయమని కూడా ఎవరో చెప్తారు. చేయొచ్చు, కానీ అక్కడ డాక్టరు మీద చర్య ఉంటుంది తప్ప మీకు పరిహారం రాదు. దాని కోసం ఎదురు చూస్తూ కమిషన్ గడువు పోగొట్టుకోవద్దు.

వార్డుసిస్టర్:

నువ్వు పెట్టొచ్చమ్మా. అమ్మ చేత ఒక అధికార పత్రం రాయించు, నా కూతురికి నా వైద్య రికార్డులన్నీ ఇవ్వండి అని, కింద ఆమె సంతకం, రాయలేకపోతే వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. అమ్మ గుర్తింపు కార్డు నకలు, నీది కూడా జత చెయ్యి. అర్జీలో ఇన్‌పేషెంట్ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, ఇంజక్షన్ చేయించిన రోజు ఓపీ నంబరు రాయి, లేకపోతే దొరకలేదని తిప్పుతారు. నంబర్లు పాత బిల్లుల మీద పైన కుడివైపో ఎడమవైపో ఉంటాయి. ఇచ్చాక పేజీలు లెక్కపెట్టుకుని, మొత్తం ఎన్ని పేజీలు అందాయో వాళ్ల రిజిస్టరులో రాసి మరీ సంతకం పెట్టు.